మూసిన ముక్కలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు. ముందు గదిలో పేకాట బల్ల దగ్గర, గోడ గడియారం కింద కుర్చీలో అమ్మమ్మ. ఆవిడకి ఎడమపక్క జడ్జిగారు, కుడిపక్క పళ్ళ డాక్టరు మావయ్య. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, "నాకు పేకంటేనే పడదు" అంటూనే ఒక్క ముక్క కూడా వదలకుండా చూసే అత్తయ్య. స్నానాల గదిలో కుళాయి ఊడదీసి, పైపు మీద ఠంగుఠంగున కొడుతున్న మేస్త్రి. మేడ మీద వాటాలో తలుపు వేసుకుని టీచరమ్మ. అమ్మమ్మకి ఎదురుగా, ఆవిడ జంట కూర్చునే చోట, నిన్నమొన్నటిదాకా టీచరమ్మది అయిన కుర్చీలో, పాసమ్మ.

పాసమ్మ అసలు పేరు అది కాదు. పల్లెటూరి బడిలో చదువయ్యాక పైచదువుకని మావయ్య ఇంటికి వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. అన్నం పెట్టమంటావా అంటే తల ఊపేది, వద్దా అన్నా తల ఊపేది. "ఇది పుట్టగానే ఏడవలేదురా, పాస్ అని ఊరుకుంది" అన్నాడు మావయ్య. ఆ పేరే ఉండిపోయింది.

అలాంటి పిల్లకి బ్రిడ్జి ఆట ప్రాణమైపోయింది. ఎందుకంటే ఆ బల్ల దగ్గర మొత్తం పదిహేను మాటలే చాలు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, నాలుగు రంగులు, నో ట్రంప్, డబుల్, రీడబుల్, పాస్. మనుషుల మధ్య నోరు పెగలని పాసమ్మకి, ఆ పదిహేను మాటల్లో ఎంత కబురైనా చెప్పొచ్చని తెలిసినప్పుడు, ఎవరో తనకోసమే ఒక భాష కనిపెట్టి పెట్టినట్టు అనిపించింది.

పోయిన వారం టీచరమ్మ తన దగ్గరున్న కప్పులన్నీ పాత చీరలో మూటకట్టి కిందకి పంపేసింది. ఆవిడా అమ్మమ్మా జంటగా ఆడి గెలిచిన కప్పులవి. మావయ్యకి మీసాలు రాకముందు నుంచీ వాళ్ళిద్దరిదీ ఒకే జంట. క్లబ్బులో వాళ్ళని ఓడించినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఆ మూటతో పాటు ఒక్క ముక్క మాట కూడా రాలేదు. ఎందుకని మావయ్య అడిగితే అమ్మమ్మ పెదవి విప్పలేదు. మూట విప్పి కప్పులన్నీ అద్దాల బీరువాలో సర్ది, వెనక్కి తిరగకుండానే, "ఇక మీదట నా ఎదురుగా నువ్వు కూర్చో" అంది పాసమ్మతో.

అదీ సంగతి. ఆదివారం క్లబ్బులో జంటల పోటీ. జడ్జిగారు క్లబ్బుకి అధ్యక్షుడు. సాయంత్రానికల్లా పేర్లు ఖాయం చెయ్యాలి. అమ్మమ్మ పక్కన ఈ పిల్ల నిలబడగలదా లేదా చూద్దామనే ఆయన ఇవాళ వచ్చింది. పాసమ్మ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆ కుర్చీ కావాలి తనకి. పుట్టి బుద్ధెరిగాక ఇంతగా కావాలనిపించింది ఇంకోటి లేదు.

మూడో పంపకంలో పాసమ్మ ముక్కలు విప్పి లెక్క పెట్టుకుంది.

అమ్మమ్మ నేర్పిన లెక్క ప్రకారం ఆసుకి నాలుగు పాయింట్లు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. కళావర్లలో ఆసు, రాజు, జాకీ ఉన్నాయి. ఆఠీను ఆసు. డైమన్ రాజు. ఇస్పేటు రాణి. మొత్తం పదిహేడు. "పాయింట్లు కూడటం గుమాస్తా పని" అనేది అమ్మమ్మ. "చెయ్యి బరువు చూడటం నేర్చుకో. ఎదుటి చెయ్యి మాట్లాడేదాకా నీ చెయ్యి విలువెంతో నీకే తెలీదు."

ఎదుటి చెయ్యి మాట్లాడింది. "ఒక ఇస్పేటు" అంది అమ్మమ్మ.

అంటే ఇస్పేట్లు కనీసం అయిదున్నాయి, ఆట మొదలుపెట్టేపాటి బలముంది. పాసమ్మ చేతిలో మూడే ఇస్పేట్లు. ఇందాకటిదాకా మూల నిలబడ్డ ఆ రాణి ఇప్పుడు రాజ్యం సంపాదించుకుంది. ఇద్దరి బలం కలిపితే గేమ్, అంటే పెద్ద బహుమానం ఉన్న నాలుగో మెట్టు, దాటి ఇంకా పైకి పోవచ్చు.

"పాస్" అన్నారు జడ్జిగారు.

పాసమ్మ చేతులు వణికాయి. విసనకర్రలా పట్టుకున్న ముక్కలు రెపరెపలాడాయి. వణుకు ఎవరికీ కనపడకూడదని ముక్కలన్నీ దగ్గరికి మూసి, బల్ల మీద బోర్లా పెట్టి, మీద అరచెయ్యి ఆనించి చెప్పింది.

"రెండు కళావర్లు."

ఆ ఇంట్లో ఆడే పద్ధతిలో ఈ మాటకి ఒకటే అర్థం. జత ఇస్పేటు అన్నాక ఇలా రెండుకెక్కి కొత్త రంగు చెబితే అది గేమ్‌ఫోర్స్. గేమ్ అందేదాకా ఇద్దరిలో ఎవరూ ఆగకూడదు. పాస్ అనే మాట అప్పుడు నోటికి రాకూడదు. అత్తయ్యకి కూడా తెలిసిన నియమం అది.

"పాస్" అన్నాడు మావయ్య.

అమ్మమ్మ రెప్ప వెయ్యకుండా, ఆలోచించకుండా, తేలిగ్గా అనేసింది. "పాస్."

అత్తయ్య పీట మీంచి సగం లేచింది. మేస్త్రి సరిగ్గా అప్పుడే కొట్టడం ఆపాడు.

"అమ్మా!" అన్నాడు మావయ్య. "ఏమన్నావ్?"

"ఏమన్నాను? పాస్ అన్నా."

"గేమ్‌ఫోర్స్ మీద పాసా? మొన్న నేను ఒకసారి అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు!"

అప్పుడు చూసింది అమ్మమ్మ. పాసమ్మ మొహం వైపు కాదు. ముక్కల మీద బోర్లించిన పాసమ్మ చెయ్యి వైపు. చూసి, తన ముక్కలు సర్దుకుంది. "పరధ్యానం. పెద్దదాన్నయ్యాను. పొరపాట్లు ఉండవా? ఆడండి, ఆడండి."

జడ్జిగారూ పాస్ అన్నాక మావయ్య డైమన్ ఆసు వేశాడు. ఆట పద్ధతి ప్రకారం అమ్మమ్మ తన ముక్కలు బల్ల మీద పరిచింది. ఇస్పేట్లు ఆరు, ఆసూ రాజూ జాకీతో సహా. పదిహేను పాయింట్లు. ఆ ఆసు పట్టు ఒక్కటి పోగా మిగతా పన్నెండు పట్లూ పాసమ్మవే. చెప్పిన అంకెకి ఆరు కలిపితే పట్టాల్సిన పట్లు; అంటే ఎనిమిది పడితే చాలన్న మాటకి పన్నెండు. ఆరు ఇస్పేట్ల మాట చెప్పి గెలవాల్సిన ఆట అది.

"విందుకి పిలిచి మంచినీళ్ళతో పంపించినట్టుంది అక్కగారూ" అన్నారు జడ్జిగారు నవ్వుతూ. నవ్వినా, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడంలో ఏదో ఆలోచన ఉంది.

మేస్త్రి తలుపు సందులోంచి తొంగిచూశాడు. "ఎవరు గెలిచారమ్మా?"

"నువ్వు నీ కుళాయి చూసుకో నాయనా, ఇక్కడ గెలిచినవాళ్ళే ఏడుస్తున్నారు" అంది అత్తయ్య.

పాసమ్మకి ఏడుపు రాలేదు. ఇంకో అనుమానం పట్టుకుంది. అమ్మమ్మ పరధ్యానంగా ఉంటే తటపటాయించాలి, లేదా సంగతి ఏంటని మళ్ళీ అడగాలి. అవేవీ చెయ్యలేదు. అలవాటైన మెట్టు దిగినట్టు దిగేసింది. పైగా తప్పు తెలిశాక చూసింది చేతి వైపు. చేతి వైపు ఎందుకు?

ముక్కలు అలా మూసి పెట్టడం పాసమ్మ సొంత తెలివి కాదు. కొత్తల్లో టీచరమ్మ కుర్చీ వెనక నిలబడి ఆట చూసేది. టీచరమ్మ ఎక్కువసార్లు ముక్కలు విప్పి పట్టుకునే మాట చెప్పేది. ఎప్పుడైనా ఒకసారి మాత్రం మూసి, బల్ల మీద పెట్టి, అరచెయ్యి ఆనించి చెప్పేది. పెద్ద ఆటగాళ్ళు మనసు నిలుపుకోవడానికి అలా చేస్తారేమో అనుకుంది పాసమ్మ. తన వణుక్కి మందు దొరికిందని అదే నేర్చుకుంది.

మనసు నిలుపుకోవడానికి కాకపోతే?

ఆ ఆలోచన వచ్చాక ఇక నిలవలేకపోయింది. వద్దు అనుకుంటూనే కాచుక్కూచుంది.

ఇంకాసేపటికి అమ్మమ్మ, "ఒక ఆఠీను" అంది. పాసమ్మ చేతిలో నాలుగు ఆఠీన్లు, పదకొండు పాయింట్లు. ముక్కలు విప్పి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, "మూడు ఆఠీన్లు" అంది. ఇది బలవంతం కాదు, పిలుపు. గేమ్‌కి ఒక్క మెట్టు కింద నిలబడి, 'నీ దగ్గర కాస్త ఎక్కువుంటే రా, లేకపోతే ఇక్కడే ఆగు' అనడం.

"నాలుగు" అంది అమ్మమ్మ వెంటనే. ఆడుతుంటే తెలిసింది, ఆవిడ చేతిలో ఉన్నది బొటాబొటీగా పదమూడు. గేమ్ కత్తి మీద నడిచి గట్టెక్కింది. జడ్జిగారు "భేష్" అన్నారు.

మళ్ళీ అలాంటి చెయ్యి రావడానికి టీ కప్పులు రెండుసార్లు ఖాళీ అయ్యాయి. ఈసారి అమ్మమ్మ, "ఒక ఇస్పేటు" అంది. పాసమ్మ లెక్క చూసుకుంది. నాలుగు ఇస్పేట్లు, పదకొండు పాయింట్లు. అచ్చం ఇందాకటి బరువే. చెయ్యి వణకడం లేదు. అయినా ముక్కలు మూసింది. బల్ల మీద బోర్లా పెట్టింది. అరచెయ్యి ఆనించింది.

తను చేస్తున్నది మంచి పని కాదని తెలుసు. తెలుసుకోవాలన్న దురద దానికంటే పెద్దది.

"మూడు ఇస్పేట్లు."

అమ్మమ్మ కళ్ళు చేతి మీదకి దిగాయి. దిగి, అక్కడే ఆగాయి.

"పాస్" అంది అమ్మమ్మ.

ఆట ఆవిడే ఆడింది. ఒక్కో ముక్కా పడుతుంటే పాసమ్మ మనసులో కూడుకుంటూ పోయింది. ఆసు, ఆసు, రాజు, రాణి, ఇంకో రాజు... పదహారు. ఇందాక పదమూడుతో ఎక్కిన మెట్టుని ఇప్పుడు పదహారుతో ఎక్కలేదు. రెండుసార్లూ చెప్పిన మాట ఒకటే. మారింది ముక్కలు పట్టుకున్న తీరు ఒక్కటే.

చివరి ముక్క పడ్డాక అమ్మమ్మ తలెత్తి మనవరాలి మొహం చూసింది. చూపు కలిసింది. ఆ పిల్ల ఏం చేసిందో అమ్మమ్మకి తెలిసిపోయింది. తెలిసిందని పాసమ్మకీ తెలిసింది.

"ఇవాళ్టికి చాలు" అని అమ్మమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. "తల పోటుగా ఉంది."

"ఆదివారం సంగతి మరి?" అన్నారు జడ్జిగారు. "పిల్ల ఆట బాగుంది అక్కగారూ. బెదురు ఉంది గానీ గట్టి గింజ. మీరే ఇవాళ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ."

"కాసేపట్లో చెబుతాను. మీరు టీ తాగి వెళ్ళండి" అని అమ్మమ్మ తన గదిలోకి వెళ్ళిపోయింది.

పాసమ్మ కాసేపు ముక్కలు కలుపుతూ కూర్చుంది. అడక్కపోతే కుర్చీ తనదే. ఆదివారం క్లబ్బుకి వెళ్ళడం, ఆ తెల్ల దుప్పట్ల బల్లల మధ్య కూర్చోవడం, పదిహేను మాటలు. అడిగితే ఏమవుతుందో తెలీదు. కానీ అడక్కుండా అమ్మమ్మ ఎదురుగా కూర్చుంటే, చెయ్యి వణికిన ప్రతిసారీ అది అబద్ధమో నిజమో ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. మూసినా చెబుతుంది, విప్పినా చెబుతుంది.

లేచి వెళ్ళింది. గది తలుపు తీసే ఉంది. అమ్మమ్మ మంచం మీద కూర్చుని చేతి రుమాలు మడతలు పెడుతోంది.

"ఏమే?"

పాసమ్మ జీవితంలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. "బల్ల దగ్గర నోరు చెప్పిందే మాట, మొహం చెప్పకూడదు, చెయ్యి చెప్పకూడదు అని నాకు నేర్పింది నువ్వే కదా అమ్మమ్మా. మరి నేను ముక్కలు మూసినప్పుడల్లా నువ్వెందుకు ఆగిపోతున్నావ్?"

అమ్మమ్మ రుమాలు మడత విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

"చేతులు వణికితే ముక్కలు కింద పెట్టుకుంటారు. అందులో ఏముంది?"

"నా చేతులు మొదటిసారే వణికాయి. రెండోసారి వణకలేదు. ఊరికే పెట్టాను."

"చూద్దామని పెట్టావా?"

పాసమ్మ తల ఊపింది.

"నీకెంత ధైర్యమే!" అంది అమ్మమ్మ. కోపంగా అనబోయింది. కానీ గొంతులో కోపం పూర్తిగా కుదరలేదు. ఇంకేదో అడ్డం పడింది. "మీ మావయ్య పాతికేళ్ళు నా పక్కన కూర్చున్నాడు. జడ్జిగారు ముప్పై ఏళ్ళు నా మీద ఆడారు. ఒక్కడికీ తట్టలేదు. ఎలా తట్టింది నీకు?"

"నువ్వు నా చెయ్యి వైపు చూశావు."

అమ్మమ్మ రుమాలు పక్కన పెట్టేసింది.

"మూస్తే ఏంటి అర్థం?" అంది పాసమ్మ మెల్లగా. "నోరు చెప్పినంత లేదనా?"

"చెప్పిన మాటకి ఒక మెట్టు తక్కువ అని" అంది అమ్మమ్మ. ఎవరో అప్పచెప్పమన్న పాఠం చెప్పినట్టుగా అంది. "విప్పి పట్టుకుంటే, చెప్పినంతా ఉంది, రా అని. అంతే. ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేదు. మొదట అలవాటు. తర్వాత అలవాటని ఇద్దరికీ తెలుసు. తెలిశాక మానెయ్యాలి. మానలేదు. ఇవాళ... నీ చెయ్యి మూసుకోగానే నా నోరు దానంతటదే పాస్ అనేసింది. నేను అనలేదే. నా నోరు అంది."

పాసమ్మ బీరువాలోని కప్పుల్ని తలుచుకుంది. పొద్దున్న మెత్తటి గుడ్డతో అవన్నీ తుడిచింది తనే. ఎదుటి చెయ్యి మాట్లాడేదాకా నీ చెయ్యి విలువ తెలీదని అమ్మమ్మ అనేది. పొద్దున్నుంచి సాయంత్రానికి ఆ బీరువా మొత్తం విలువ మారిపోయింది. ఏ లెక్కన కూడాలో తెలీడం లేదు. మరి వాటిల్లో నిజంగా గెలిచినవి ఎన్ని? అది అమ్మమ్మకైనా తెలుసా?

"క్లబ్బులో తెలిస్తే?" అంది.

"పేర్లు కొట్టేస్తారు. గెలిచినవాళ్ళ పేర్లు రాసే బోర్డు మీద నుంచి కూడా. నా పేరొక్కటే కాదు, టీచరమ్మది కూడా."

అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పాసమ్మ తిరిగి చూసింది.

టీచరమ్మ. కప్పులు పంపేశాక మేడ దిగడం ఇదే మొదలు. నూనె పెట్టి గట్టిగా దువ్విన తల, బడిలో పాఠం చెప్పేటప్పుడు కట్టుకునే లాంటి ముడతలేని చీర. వాకిట్లో జడ్జిగారి గొంతు వినిపిస్తోంది. ఆయనే చెప్పుంటారు.

"గేమ్‌ఫోర్స్ మీద పాస్ అన్నావట" అంది టీచరమ్మ అమ్మమ్మతో. పలకరింపు లేదు, కుశలం లేదు. "జడ్జిగారు పెద్ద జోకులా చెబుతున్నారు. నాకు నవ్వు రాలేదు."

"కూర్చో" అంది అమ్మమ్మ.

"కూర్చోను. ఇక వద్దు, మానేద్దాం, లేదా వెళ్ళి చెప్పేద్దాం అన్నాను. నువ్వు రెండూ కాదన్నావ్. సరే, నేను తప్పుకుంటే అదే ఆగిపోతుంది, జంట లేకుండా ఎవరితో చేస్తుందిలే అనుకున్నా." పాసమ్మ వైపు వేలు చూపించింది. "ఈ పసిదానికి నేర్పుతావా? నోరు తెరిచి నీళ్ళు అడగడం చేతకాని పిల్లకి? సిగ్గు లేదూ నీకు?"

"నేను నేర్పలేదు!" అమ్మమ్మ లేచి నిలబడింది. "నా కళ్ళ మీద ఒట్టు. నేర్పలేదు."

"మరి దానంతటదే వచ్చిందా? గాల్లో నుంచి?"

ఇద్దరూ పాసమ్మ వైపు చూశారు. పాసమ్మ ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఎప్పుడూ చేసేది అదే. కానీ అమ్మమ్మ చెయ్యని తప్పు కూడా అమ్మమ్మ నెత్తిన పడుతోంది.

"మీ దగ్గరే నేర్చుకున్నా టీచరమ్మా" అంది. "మీ కుర్చీ వెనక నిలబడేదాన్ని కదా. మీరు అలా పెడితే బాగుండేది. గుర్తని తెలీదు. బాగుందని నేర్చుకున్నా."

టీచరమ్మ చెయ్యి తలుపు చెక్కని పట్టుకుంది. ఎంతమంది పిల్లలకి పాఠాలు చెప్పిందో ఆవిడ. ఏ పిల్లా ఆవిడకి అలాంటి జవాబు చెప్పి ఉండదు. మెల్లగా వచ్చి, కూర్చోను అన్న మంచం మీదే కూర్చుంది.

ముందు గదిలోంచి మావయ్య కేక వేశాడు. "అమ్మా! జడ్జిగారు బయల్దేరుతున్నారు. ఆదివారానికి మీ ఇద్దరి పేర్లూ ఇచ్చేసుకోవచ్చా అని అడుగుతున్నారు. ఏమని చెప్పను?"

అమ్మమ్మ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ నేల వైపు చూస్తోంది.

"అమ్మా! వినపడుతోందా?"

అమ్మమ్మ పాసమ్మ భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నడిపించింది.

"ఆయన అడిగింది నీకు వినపడిందిగా" అంది. "జవాబు నువ్వు చెప్పు. పేర్లు ఇవ్వమంటే ఇవ్వమను. మొత్తం సంగతి చెప్పాలనిపిస్తే చెప్పు. నేను నిన్ను ఆపను."

"నేనా?" అంది పాసమ్మ. "అమ్మమ్మా, నేను..."

"పాస్ అని మాత్రం అనకు తల్లీ. ఇక్కడ ఆ మాట చెల్లదు."

అని, మనవరాలిని గడప అవతల వదిలి, అమ్మమ్మ తలుపు మూసేసింది.